పెన్‌డ్రైవ్ గుచ్చితే ఏ టీవీలో అయినా అన్ని యాప్‌లూ వచ్చేస్తాయా? రావు

రెండు వారాలుగా మా కోవూరు చుట్టాల గ్రూపులో, మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "స్మార్ట్ టీవీలో యాప్‌లను కంపెనీలు కావాలనే దాచిపెడతాయి. పెన్‌డ్రైవ్‌లో ఏపీకే ఫైలు వేసి గుచ్చితే ఏ టీవీ అయినా సరే అన్ని యాప్‌లూ, అన్ని సినిమాలూ ఫ్రీ. టీవీకి వైరస్ రాదు, అందులో బ్యాంకు ఖాతా ఉండదు కాబట్టి భయం లేదు. అన్‌నోన్ సోర్సెస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి, అప్‌డేట్లు ఆపేయండి. లాగిన్ కాకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయండి."

మా చిన్నాయన ఇది నమ్మి నెల్లూరులో ఒక షాపుకి పోయి 800 రూపాయలు ఇచ్చి ఆ పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాడు. ఆయన ఇంట్లో ఉన్నది శాంసంగ్ టీవీ. ఆ ఫైలు దాంట్లో తెరుచుకోనే తెరుచుకోదు. డబ్బు పోయినందుకు కాదు, టీవీయే చెడిపోయిందేమో అని ఆయన నాలుగు రోజులు టెన్షన్ పడ్డాడు చూడండి, అది నాకు నిజంగా బాధ అనిపించింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు "ఏ టీవీ అయినా సరే" అనే మాట. ఇది పచ్చి అబద్ధం. ఏపీకే అనేది ఆండ్రాయిడ్ కోసం తయారయ్యే ఫైలు. శాంసంగ్ టీవీలు 2015 నుంచి టైజన్ అనే వేరే సాఫ్ట్‌వేర్ మీద, ఎల్‌జీ టీవీలు 2014 నుంచి వెబ్‌ఓఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి, వాటికి ఆండ్రాయిడ్ ఫైలు ఇవ్వడం అంటే వరికోత మిషన్ తెచ్చి వేరుశనగ పీకమనడమే. వాటి యాప్‌లు వాటి సొంత స్టోర్‌లోనే దొరుకుతాయి. సోనీ, టీసీఎల్, షావోమీ లాంటివాళ్లు ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీతో అమ్మే మోడళ్లలో మాత్రమే ఏపీకే పనికొస్తుంది. మీది ఏ రకమో తెలియకపోతే రిమోట్‌తో యాప్‌ల పేజీకి పోయి గూగుల్ ప్లే స్టోర్ ఉందా లేదా చూడండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. తక్కువ ధరకి "ఆండ్రాయిడ్ టీవీ" అని అట్టపెట్టె మీద రాసి అమ్మేవాటిలో కొన్నింటికి గూగుల్ ధ్రువీకరణే ఉండదు. వాటిలో నెట్‌ఫ్లిక్స్ లాంటివి బలవంతంగా ఎక్కించినా సరిగా రావు, వచ్చినా బొమ్మ మసగ్గానే ఉంటుంది, ఎందుకంటే వైడ్‌వైన్ అనే కాపీ రక్షణలో ఎల్1 స్థాయి ఉంటేనే హెచ్‌డీ ఇస్తారు, ఎల్3 మాత్రమే ఉన్న పరికరానికి మామూలు క్వాలిటీ దగ్గరే ఆపేస్తారు. నెట్ స్పీడ్ పెంచుకుంటే ఇది బాగుపడదు, పెన్‌డ్రైవ్‌తో అసలే బాగుపడదు.

"కంపెనీలు కావాలనే దాచాయి" అనేదాంట్లో కొంచెం నిజం ఉంది, లేదనను. మన ఫోన్‌లో కనిపించే యాప్‌లన్నీ టీవీలోని ప్లే స్టోర్‌లో కనిపించవు. కారణం ఏందంటే, వేలితో తాకకుండా రిమోట్ బాణాలతోనే నడిచేలా తయారుచేసినవాటినే అక్కడ చూపిస్తారు. ఫోన్ కోసం చేసిన యాప్‌ని టీవీలో ఎక్కిస్తే బొమ్మ అడ్డంగా తిరుగుతుంది, నొక్కాల్సిన బటన్ దగ్గరికి రిమోట్ పోదు. ఇక పాత టీవీలకి యాప్‌లు ఆగిపోవడం కూడా నిజమే, 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ మోడళ్లలో 2019 డిసెంబర్ నుంచి నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. కొన్నవాళ్లకి కోపం రావడం న్యాయమే. అలాంటి టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే దాంట్లో గుచ్చే పేరున్న కంపెనీ స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి పెట్టుకోండి, సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసిన మాట "టీవీకి వైరస్ రాదు" అన్నది. 2024 సెప్టెంబర్‌లో డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ కంపెనీ 'వాయిడ్' అనే మాల్వేర్ (వైరస్ లాంటి హానికర ప్రోగ్రామ్) గురించి బయటపెట్టింది, 197 దేశాల్లో దాదాపు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో అది దూరి ఉంది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' అనే ఇలాంటి మాల్వేర్ గురించి జనాన్ని హెచ్చరించింది, అందులోనూ ముందు వరుసలో ఉన్నవి ఊరూపేరూ లేని చవక స్ట్రీమింగ్ బాక్సులే. కొన్నింటిలో అది ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, కొన్నింటిలో మనం బయటనుంచి ఎక్కించిన యాప్‌తో వస్తుంది.

బ్యాంకు ఖాతా లేని టీవీతో వాళ్లకేం పని అంటారా? మీ ఇంటి ఇంటర్నెట్‌తో పని. మీకు తెలియకుండా మీ కనెక్షన్‌ని ఇంకొకళ్లకి దారిగా అద్దెకిస్తారు, ఎక్కడో కూర్చున్నవాడు మోసం చేస్తే అది మీ ఇంటి నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. పైగా టీవీలో మీ గూగుల్ ఖాతా ఉంటుంది, అదే వైఫైలో మీ ఫోన్ ఉంటుంది, ఆ ఫోన్‌లో బ్యాంకు ఉంటుంది. అన్‌నోన్ సోర్సెస్ అంటే స్టోర్‌లో లేని, బయటి యాప్‌లని ఎక్కనిచ్చే సెట్టింగ్. కాబట్టి దాన్ని "ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి" అని చెప్పేవాడు మీ మంచి కోరేవాడు కాదు. యాప్ తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచి ఏపీకే తెచ్చుకుని ఎక్కించడం తప్పని నేననను, తెలిసినవాళ్లు చేసుకోవచ్చు, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసేయాలి. ఎవరు చేశారో, అందులో ఏం కలిపారో తెలియని ఫైలుని మాత్రం ఇంట్లోకి తేకండి.

"అన్ని సినిమాలూ ఫ్రీ" అన్నదానికి పెద్దగా చెప్పేదేమీ లేదు, అది దొంగ సరుకు. తెలిసి కాపీరైటు ఉల్లంఘించినా, దానికి తోడ్పడినా 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవ్‌లు అమ్మే షాపువాళ్లు ఇది ఒకసారి చదువుకోవాలి.

ఇక ఆ ఫోన్ నంబరు. ఒంగోలులో ఉండే మా అత్త దీనికి దొరికిపోయింది. టీవీలో యూట్యూబ్ లాగిన్ కోడ్ అడిగితే, మెసేజ్‌లో ఉన్న నంబరుకి చేసింది. అవతలివాడు "యాక్టివేషన్ ఫీజు 499 కట్టండి అమ్మా" అన్నాడు, ఆమె కట్టేసింది, ఆ తర్వాత ఆమె ఫోన్ స్క్రీన్ వాడికి కనిపించే యాప్ వేసుకోమంటే అనుమానం వచ్చి ఫోన్ పెట్టేసింది. దయచేసి ఇది ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి: టీవీ మీద కనిపించే కోడ్‌ని మీ ఫోన్‌లో కొట్టడానికి, లేదా క్యూఆర్ స్కాన్ చేయడానికి ఒక్క రూపాయి కూడా ఉండదు. నెట్‌ఫ్లిక్స్, జియోహాట్‌స్టార్, ఆహా లాంటివాటికి చందా ఉంటే అది వాళ్ల యాప్‌లోనే కడతాం, ఫోన్‌లో మాట్లాడేవాడికి కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

అప్‌డేట్లు ఆపమనడం కూడా తప్పే. భద్రతా లోపాలు సరిచేసేది వాటితోనే. అప్‌డేట్ తర్వాత టీవీ నెమ్మదించిందంటే చాలాసార్లు స్టోరేజీ నిండి ఉంటుంది, చవక టీవీల్లో చాలావాటికి ఉండేదే 8 జీబీ, అందులో సగానికి పైగా సిస్టమే తినేస్తుంది. చూడని యాప్‌లు తీసేయండి.

మొన్న ఆదివారం చిన్నాయన ఇంటికి పోయి హోమ్ బటన్ నొక్కి, యాప్‌ల పేజీలో వెతికి, జియోహాట్‌స్టార్ ఇన్‌స్టాల్ చేశాను. యూట్యూబ్ ముందే ఉంది. పది నిమిషాలు పట్టలేదు. గూగుల్ టీవీ ఉన్నవాళ్లకి ఇంకా సులువు, ఫోన్‌లోనూ టీవీలోనూ ఒకే గూగుల్ ఖాతా ఉంటే ఫోన్ ప్లే స్టోర్ నుంచే టీవీని ఎంచుకుని ఎక్కించవచ్చు.

ఇప్పటికే ఆ పెన్‌డ్రైవ్ ఫైలు ఎక్కించినవాళ్లు ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి దాన్ని తీసేయండి, అన్‌నోన్ సోర్సెస్ ఆఫ్ చేయండి, ఇంకా అనుమానంగా ఉంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, ఫోన్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మార్చుకోండి. ఊరూపేరూ లేని బాక్స్ అయితే రీసెట్ కొట్టినా లోపల ఉన్నది పోకపోవచ్చు, దానికి వైఫై తీసేసి పక్కన పెట్టేయండి.