కనుమ నాటి వారాలబ్బాయి

భోగికి మూడు రోజుల ముందు ఎంవీపీ కాలనీ రైతుబజారులో, ఉల్లిపాయల దగ్గర నా ముందు ఒక పొడుగాటి కుర్రవాడు నిలబడి మూడు కిలోలు తూయించుకుంటున్నాడు. "ఒక్కడివే కదా బాబూ, ఇన్ని ఎందుకు?" అని అడిగింది తూకం వేసే ఆవిడ. "పండుగ కదమ్మా, మెస్ లేదు" అన్నాడు, తడుముకుంటూనే అయినా తెలుగులో.

ఇథియోపియా నుంచి వచ్చి మన విశాఖలో ఒక కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. గేటు దాకా కలిసి నడిచాం. పరీక్షలు అయిపోయిన మధ్యాహ్నం నుంచీ హాస్టల్ వరండాలో సూట్‌కేసు చక్రాల చప్పుడే అట. ఒక స్నేహితుడు టెక్కలి వెళ్ళాడు, ఇంకొకడు పార్వతీపురం. పోతూ పోతూ ఒకడు సగం సబ్బు, ఒకడు దుప్పటి, ఒకడు అటుకుల డబ్బా ఇతని గదిలో పెట్టి పోయారు. "ఈ ఉదయం లెక్కపెట్టాను ఆంటీ. మా అంతస్తులో 26 తాళాలు" అన్నాడు. పది రోజుల సెలవులకు విమానం టిక్కెట్టు కొని అడిస్ అబాబా వెళ్ళి రావడం అయ్యే పని కాదు. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. ఆ రోజు ఇతనికి పరీక్ష. ఇక మన పండుగకేమో మెస్ మూత. మంచం కింద దాచిన ఇండక్షన్ పొయ్యి, ఈ ఉల్లిపాయలు, రెండు డజన్ల గుడ్లు, ఇదీ అతని సంక్రాంతి ఏర్పాటు. (పొయ్యి సంగతి వార్డెన్‌కు తెలియదు. పట్టుకోవడానికి ఆయన కూడా ఊళ్ళో ఉండడు లెండి.)

విదేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్ళ సంఘంలో సగం మందికి ఈ కథ కొత్త కాదు. 1998 నవంబరులో, ఒహాయోలో థాంక్స్‌గివింగ్ సెలవులకు మా డార్మిటరీ ఖాళీ అయిపోతుంటే నేనూ అలాగే రొట్టె ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మా ల్యాబులో సీసాలు కడిగే పెద్దావిడ, పేరు కూడా సరిగ్గా పలకలేని నన్ను కారులో కూర్చోబెట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. ఉప్పూ కారం లేని బంగాళాదుంప ముద్దను నేను సంచిలో తెచ్చుకున్న ఆవకాయతో తింటుంటే చూసి, తానూ కొంచెం నాలుకకు రాసుకుని రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఆ మనిషి గురించి ఇరవై ఏళ్ళుగా ప్రతి సభలోనూ చెబుతూనే ఉన్నాను. విశాఖలో అలాంటి పిల్లవాడు ఒకడు ఉంటాడనీ, వాడికీ ఒక వరండా, 26 తాళాలు ఉంటాయనీ ఆ రైతుబజారు దాకా నాకు తోచలేదు.

ప్రతి డిసెంబరులోనూ మనం ఊరికి వస్తాం. శాలువాలు, జ్ఞాపికలు, బడులకు కంప్యూటర్లు, కంటి శిబిరాలు. మంచివే, కాదనను. విదేశీ విద్యార్థులు మనకు కనిపించేది మాత్రం ఒక్కచోట, కళాశాలల సంక్రాంతి సంబరాల ఫొటోల్లో. పంచె కట్టించి, తలపాగా చుట్టి, గంగిరెద్దు పక్కన నిలబెడతారు. ఫొటో పత్రికలో వచ్చేనాటికి మెస్‌కు తాళం పడుతుంది. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అంటాం. నిజమే, ఆ మూడు రోజులూ వీధి చివరి కర్రీ పాయింటు కూడా కదలదు.

ఇది మనకు తెలియని విద్య అయితే నేను ఇంత గొడవ చేయను. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకు వచ్చింది. అప్పటి నుంచీ ఈ ఊరికి పరాయి ఊరి విద్యార్థి అలవాటే. అంతకంటే పాతది వారాల సంగతి. చదువుకునే పేద పిల్లవాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో భోంచేసి పరీక్ష గట్టెక్కేవాడు. మా తాతగారింట్లో గురువారం వారాలబ్బాయిది. ఆ రోజు ఇంకో పిడికెడు బియ్యం ఎసట్లో పడేది. అంతకు మించి దానికి ఏర్పాటేమీ లేదు, సభ లేదు, ఫొటో లేదు. ఆ వారాలకూ కులాల గిరులు ఉండేవని నాకు తెలుసు. గిరి చెరిపేసి వారాన్ని ఉంచుకోవచ్చుగా.

అమ్మతో చెప్పాను, కనుమ నాడు భోజనానికి పిలుద్దామని. ఆవిడ మొదటి మాట "వాడు ఏం తింటాడే?" అని. ఈ ప్రశ్న నేను విశాఖలో చాలా ఇళ్ళలో విన్నాను. దీని వెనుక వంట ఒక్కటే లేదు, రంగు కూడా ఉంది. పైకి అనం. అమెరికాలో మన పిల్లను ఎవరైనా చర్మం చూసి ఒక మాట అంటే పత్రికలకు ఉత్తరాలు రాసేది మనమే. ఇంకొందరు పోలీసుల భయం చెబుతారు. విదేశీయుడు రాత్రి మన ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, నిజమే. గారెలు తినిపోవడానికి ఆ కాగితం అక్కర్లేదు.

వచ్చాడు. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ గుడి దగ్గర దిగి, సందు దొరక్క రెండుసార్లు ఫోను చేశాడు. ఏం తింటాడన్న ప్రశ్నకు అతనే జవాబు చెప్పాడు. వాళ్ళ క్రిస్మస్‌కు ముందు నలభై రోజులకు పైగా ఉపవాసదీక్ష. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలూ పెరుగూ కూడా లేవు. అన్నాళ్ళూ మన పప్పుచారుతోనే గడిపాడట. కార్తిక సోమవారాలు ఉంటానని చెప్పుకునే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కోడికూర ఇంకో గరిటె వేసింది.

భోజనమయ్యాక అతను చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. పచ్చి కాఫీ గింజలు. కడిగి, అమ్మ ఇనుప మూకుడులో, అవి నల్లబడి నూనె మెరిసే దాకా వేయించాడు. పొగ వస్తుండగా మూకుడు పట్టుకుని ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తెచ్చాడు, అది వాళ్ళ మర్యాద. చిన్న రోట్లో దంచి, గిన్నెలో మరిగించి మూడు విడతలు పోశాడు. అబోల్, తోనా, బెరెకా. మూడోది దీవెన, అది తాగకుండా లేచిపోకూడదట. "పాలు లేకపోతే ఇది కషాయమే" అంటూనే అమ్మ మూడూ తాగింది. అరబికా కాఫీ పుట్టిందే అతని దేశంలో. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెబితే నవ్వి, "అయితే మీ కాఫీ కూడా మా దగ్గర నుంచి వచ్చిన విద్యార్థే" అన్నాడు. అరకు ఇప్పుడు విశాఖ జిల్లాలో కాదు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉందని అమ్మ ఇంకా ఒప్పుకోదు, అది వేరే తగాదా.

విశాఖలో ఇల్లున్న సభ్యులకు నేను అడిగేది ఇంతే. వచ్చే పండుగకు ముందు మీ అమ్మకో, వదినకో ఒక ఫోను. దగ్గరి హాస్టల్‌లో తాళం పడని గది ఏదో కనుక్కోమని చెప్పండి. సంఘం తరఫున కమిటీ వేయవద్దు. వేస్తే శాలువా వస్తుంది.

నేను తిరిగి వచ్చేశాక అమ్మ ఫోను చేసింది. ఆ రోజు కట్టి ఇచ్చిన క్యారేజీ తెచ్చి ఇచ్చాడట. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అతనికి ఎవరు చెప్పారో మరి, నిండా ఉల్లిపాయల కూర, మధ్యలో ఉడికిన గుడ్లు. మా వీధిలో ఎవరూ వండనంత కారం. "చుక్క నూనె వేయకుండా గంటసేపు వేయించాలట ఉల్లిపాయలు" అంది అమ్మ, "మూడు కిలోలు ఎందుకు కొన్నాడో ఇప్పుడు తెలిసింది."