మేనమామ పోలిక కంట్లో వస్తే

హైదరాబాద్ మెట్రో మ్యాప్‌లో ఎంజీబీఎస్ దగ్గర రెడ్ లైన్, గ్రీన్ లైన్ కలుస్తాయి. ఆ రెండు గీతల్లో ఏది ఏదో రంగు చూసి చెప్పడం నాకు కష్టం. స్టేషన్ల పేర్లు చదువుకుని వెళ్తాను కాబట్టి దారి తప్పను. నాకు కలర్ బ్లైండ్‌నెస్ ఉందని 23 ఏళ్ల వయసులో తెలిసింది. ఒక ఉద్యోగానికి రాత పరీక్ష పాసై మెడికల్‌కు వెళితే, రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అందులో అంకె ఏమిటో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి. ఆ ఉద్యోగం రాలేదు. అన్నేళ్ల చదువులో ఆ రెండు నిమిషాల పరీక్ష నాకు ఎవరూ చేయలేదు.

నిరుడు మా అక్క తన కొడుకును కుండీలోని మిరప మొక్క నుంచి పండుమిరపకాయలు కోసుకురమ్మంది. వాడు పచ్చివీ పండువీ కలిపి తెచ్చాడు. అక్క కోప్పడింది. నాకు మాత్రం విషయం అర్థమైంది. డాక్టర్ దగ్గర అదే తేలింది.

మనం పిల్లాణ్ని చూసి "మేనమామ పోలిక" అంటాం. ఈ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. ఎరుపు, ఆకుపచ్చలను గుర్తించే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. అందులో లోపం ఉంటే సర్దడానికి రెండోది లేదు. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి బాగున్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అందుకే ఇది తాత నుంచి కూతురికి చడీచప్పుడు లేకుండా వచ్చి, ఆమె కొడుకులో బయటపడుతుంది.

ఎంతమందికి ఉంటుంది? ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో వందకు సుమారు ఎనిమిది మందికి, ఆడవాళ్లలో రెండు వందలకు ఒకరికి. మన దేశంలో చాలా సర్వేల్లో ఈ లోపం ఉన్న మగపిల్లల సంఖ్య అంతకంటే తక్కువే. వందకు మూడు అనుకుని లెక్క వేద్దాం. వెయ్యి మంది మగపిల్లలున్న బడిలో ముప్పై మంది. ఆడపిల్లల్లో వెయ్యికి ఒకరు కూడా ఉండరు. కానీ తమకు ఏ ఇబ్బందీ లేకుండా ఆ జన్యువును మోస్తున్న అమ్మాయిలు వందకు ఆరుగురి దాకా ఉంటారు.

మన ఇళ్లలో ఈ మాట వినగానే "మేనరికం చేసుకున్నారా?" అని అడుగుతారు. మా అక్కనూ అడిగారు. కొడుకు విషయంలో ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఆమె బావను చేసుకున్నా, బయటి సంబంధం చేసుకున్నా కొడుక్కి వచ్చే అవకాశం ఒక్కటే, ఎందుకంటే తండ్రి ఎక్స్ కొడుక్కి రాదు. కూతురి విషయంలో మాత్రం తండ్రి ఎవరన్నది ముఖ్యం. నాలాంటివాడు అక్క కూతుర్ని చేసుకుంటే, ఆ అమ్మాయి ఈ జన్యువు మోస్తూ ఉండే అవకాశం, అక్క మోస్తోందో లేదో తెలియనప్పుడు, నాలుగింట ఒక వంతు; మోస్తోందని తెలిస్తే సగం. బయటి అమ్మాయికైతే వందకు ఆరే. తల్లి మోస్తూ, తండ్రికి లోపం ఉంటే, పుట్టే కూతుళ్లలో సగం మందికి రావచ్చు. ఈ తేడా తెలియక మా అక్క చాలా రోజులు ఊరికే బాధపడింది.

బడిలో కంటి పరీక్ష అంటే గోడ మీది అక్షరాల చార్టే. చూపు బాగున్న కలర్ బ్లైండ్ పిల్లాడు చివరి వరుస దాకా గడగడా చదివేస్తాడు. చార్టు రంగుల సంగతి చెప్పదు. పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్న పిల్లాడికి తనది వేరే చూపని తెలియదు. గ్రీన్ బోర్డు మీద ఎర్ర చాక్‌పీస్‌తో రాసింది కనబడకపోతే శ్రద్ధ లేదంటారు. ఇంటర్ ల్యాబ్‌లో కాల్షియం మంట ఇటుక ఎరుపు, బేరియం మంట లేత ఆకుపచ్చ. ఆ తేడా పట్టుకోలేనివాడు సబ్జెక్టు రాక తప్పు రాశాడా, రంగు కనబడక రాశాడా అన్నది ఎగ్జామినర్‌కు ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఉద్యోగ పరీక్షల కోచింగులు. రైలు నడపాలంటే సిగ్నల్ రంగు తెలియాల్సిందే, ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. తెలంగాణ పోలీసు నియామకాల్లోనూ ఇది అనర్హతే. నా బాధంతా ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుందన్నదే. మూడేళ్లు అప్పు చేసి చదివాక మెడికల్ రోజున తెలిస్తే ఆ కుర్రాడు ఎవరికి చెప్పుకోవాలి? ఉద్యోగంలో చేరాక తెలిస్తే ఇంకా కష్టం. కలర్ బ్లైండ్‌నెస్ ఉందని పక్కన పెట్టిన ఒక ఆర్టీసీ డ్రైవర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో కోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. అన్ని దారులూ మూసుకుపోలేదు కూడా. స్వల్ప, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేలా 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది. ముందే తెలిస్తే వీటిని చూసుకుని దారి ఎంచుకోవచ్చు.

వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపానికి మందు లేదు. రంగు అద్దాలు కొందరికి కొన్ని తేడాలు పెంచి చూపిస్తాయి, అంతే. కానీ కనిపెట్టడం చాలా తేలిక. జపాన్ డాక్టర్ ఇషిహారా తయారుచేసిన ఆ చుక్కల పుస్తకం 1917 నుంచి ఉంది. ఒక పుస్తకం కొంటే ఎన్నో బడులకు సరిపోతుంది. అంకెలు రాని చిన్నపిల్లలు వేలితో దారి గీసి చూపించే పేజీలూ అందులో ఉంటాయి. పగటి వెలుగులో చూపించాలి. ఫోన్ స్క్రీన్ మీద రంగులు మారతాయి కాబట్టి దాన్ని నమ్మకూడదు. ఫలితం క్లాసులో అందరి ముందూ చదవకూడదు, తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి. అనుమానం వస్తే మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

మా అక్క ఇప్పుడు క్రేయాన్ల మీద రంగుల పేర్లు రాసి అంటించింది. వాళ్ల టీచర్ బోర్డు మీద తెల్ల చాక్‌పీసే వాడుతున్నారు. వాడి బడిలో ఇంకెంతమందికి ఇలా ఉందో ఎవరూ లెక్క చూడలేదు. జూన్‌లో బడులు తెరిచాక పిల్లల ఎత్తు, బరువు రాసుకునే రోజునే, కనీసం మూడో తరగతి పిల్లలందరికీ ఈ రెండు నిమిషాల పరీక్ష కూడా పెట్టాలని విద్యాశాఖను, ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలను అడుగుతున్నాను.