‘ఇన్’ గారికి, పర్లాకిమిడి పెయింటు కొట్టు నుంచి

ఇంగ్లీషు మాటల గుమ్మంలో కాపలా కాసే ఇన్ గారికి నమస్కారాలు.

పోయిన వారం మా గుంటడు కొట్లోంచి థిన్నర్ డబ్బా తెచ్చి దేవుడి దీపం పక్కనే పెట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏట్రా ఇది అంటే డబ్బా మీద అక్షరాలు చూపించాడు: ఇన్‌ఫ్లేమబుల్. “ఇన్ ముందొస్తే ‘కాదు’ అని ట్యూషన్లో చెప్పారు నాన్నా. విజిబుల్ కనబడేది, ఇన్‌విజిబుల్ కనబడనిది. మరిది మండనిదే కదా?” వాడి లెక్కలో తప్పు నాకు దొరకలేదు.

నిఘంటువు తిరగేస్తే తమరు ఒకరు కాదని తెలిసింది. లాటిన్‌లో ‘కాదు’ అనే ఇన్ ఒకడు, ‘లోపలికి’ అనే ఇన్ ఇంకొకడు. ఇద్దరిదీ ఒకటే చొక్కా. డబ్బా మీద కూర్చున్నది రెండోవాడు, అంటే అది మంట అంటుకునేదే. ఈ గందరగోళంలో జనం కాలిపోతారని భయపడి అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ వాళ్లు 1920ల్లోనే మీ తల తీసేసి ఉత్త ‘ఫ్లేమబుల్’ రాయమన్నారు. మా డబ్బాల దాకా ఆ కబురు రాలేదు.

పోనీ ‘కాదు’ అనే మొదటివాడైనా నికరమా? ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. ఇది క్షమించాను, మా ‘అమూల్యం’ చేసేదీ అదే పని. ఇన్‌ఫేమస్ సంగతేమిటి? పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు ఉన్నవాడు. మా వీధిలో ఓ నాయకుడి ఫ్లెక్సీకి ‘ఫేమస్’ చాలదని ‘ఇన్‌ఫేమస్’ వేయించారు. ఆ ఒక్కసారీ మీరు నిజమే పలికారు.

పైగా వేషాలొకటి. ల ముందు ఇల్, ర ముందు ఇర్, ప ముందు ఇమ్: ఇల్లీగల్, ఇర్రెగ్యులర్, ఇంపాసిబుల్. సత్, జనుడు కలిసి సజ్జనుడైన ఊరివాళ్లం, అది మాకు వింత కాదు.

తికమకలూ కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి, మా ఊరు అందులోకి వెళ్లి చిరునామా మారింది. మాకు ‘అవసరం’ అంటే కావలసింది, ఒడియాలో ‘అబసర’ అంటే ఉద్యోగ విరమణ. మా ఉపన్యాసం మైకులో ఉంటుంది, వాళ్ల ఉపన్యాసం పుస్తకాల కొట్లో నవలగా ఉంటుంది. అయినా ఏ మాట ఎవరింటిదో నోరు విప్పగానే తెలిసిపోద్ది. తమరేమో ఒకే ఇంట్లో, ఒకే గొంతుతో, రెండు మాటలు చెబుతారు.

ఇన్‌కమ్‌లో ఉన్నవాడు లాటిన్ నుంచి రాలేదట, ఇంగ్లీషు ఇంట్లోనే పుట్టిన మూడోవాడట. లోపలికొచ్చేది అని అర్థమట. మా కొట్లో మాత్రం ఆ కుర్చీ మొదటివాడే ఆక్రమించాడు.

ప్రస్తుతానికి డబ్బాల మీద మీ పేరుకి తెల్ల రంగు కొట్టించి, తెలుగులో ‘మండిపోద్ది’ అని, ఒడియాలో ‘నియాఁ లాగిబ’ అని రాయిస్తున్నాను. రాసేది మా గుంటడే. దీపం అటక మీదికి మారింది.

ఇట్లు,
పెయింటు కొట్టు యజమాని