ఫాలో-అప్‌కి రాలేదని పేషెంట్లను షీట్‌లోంచి తీసేస్తారా?

డాక్టర్ల పరిశోధనల లెక్కలు చూసే స్టాటిస్టీషియన్‌ని నేను. ఇందాకే ఒక మెడికల్ పీజీ అమ్మాయి థీసిస్ డేటా పంపింది. సర్జరీ అయ్యాక క్యాన్సర్ ఎన్నాళ్లకు తిరగబెడుతోందన్నది విషయం. ఎక్సెల్‌లో సీరియల్ నంబర్లు మధ్యమధ్యలో ఎగిరిపోయాయి. 6 తర్వాత 9, 22 తర్వాత 26. మిగతావాళ్లేరమ్మా అంటే, "ఫాలో-అప్‌కి రావడం మానేశారు కదా మేడమ్, గైడ్ గారు తీసేయమన్నారు. ఉన్నవాళ్లతో లాజిస్టిక్ రిగ్రెషన్ చేసి పీ వాల్యూ తెమ్మన్నారు" అంది. లాజిస్టిక్ రిగ్రెషన్ అంటే తిరగబెట్టిందా లేదా అని అవును-కాదుల్లో చూసే లెక్క. పీ వాల్యూ అంటే అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, ఊరికే కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె. ఒళ్లు మండిపోయింది.

తీసేయడమేంటండీ! ఒక మనిషి 11 నెలలు క్రమం తప్పకుండా వచ్చాడు, చూసిన ప్రతిసారీ జబ్బు జాడ లేదు, తర్వాత రాలేదు. ఆ 11 నెలలూ తిరగబెట్టలేదని మనకు తెలుసు కదా! సెన్సార్డ్ (ఇక్కడిదాకా తెలుసు, ఆ తర్వాత తెలియదు) అని గుర్తుపెట్టి అతన్ని లెక్కలో ఉంచాలి. కప్లాన్-మేయర్ పద్ధతి 1958లో వచ్చిందే ఇలాంటివాళ్లను వదలకుండా లెక్కలోకి తేవడానికి. వయసు, స్టేజి అన్నీ కలిపి చూడటానికి 1972లో కాక్స్ మోడల్ వచ్చింది. ఇవేవీ లేనట్టు వాళ్లను తీసేస్తే జబ్బు ఉన్నదానికంటే ఘోరంగా కనబడుతుంది. పోనీ "తిరగబెట్టలేదు" అనే లెక్కలో వేసేస్తే చికిత్స ఉన్నదానికంటే గొప్పగా కనబడుతుంది. రెండూ అబద్ధాలే. వాళ్లు ఎందుకు మానేశారో కూడా కనుక్కోవాలి. ఒంట్లో బాగోలేకే రాలేకపోయినవాళ్లు ఎక్కువైతే కప్లాన్-మేయర్ కూడా తప్పే చెబుతుంది.

ఆ అమ్మాయిని ఏమీ అనను. అందరినీ తిరిగి చేర్చి, కేస్ షీట్లలోంచి చివరిసారి వచ్చిన తేదీలు రాసుకురమ్మన్నాను. తనకు నేర్పిందే ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలో. రెండు గ్రూపులైతే టీ టెస్ట్, మూడైతే అనోవా, అవును-కాదు అయితే లాజిస్టిక్. ఎందుకని అడిగితే అది పరీక్షకు రాదంటారు. కష్టపడి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) కొలిచి తెస్తే 25 దగ్గర గీత గీసి రెండు ముక్కలు చేయమంటారు. 24.9కీ 25.1కీ అంత తేడా ఉందా? 25.1, 39 ఒకటేనా?

ఆడ్స్ రేషియో సంగతైతే మరీ దారుణం. ఒక మందుతో వందలో 80 మందికి నయమైంది, ఇంకోదానితో 60 మందికి. రిస్క్ రేషియో, అంటే 80ని 60తో భాగిస్తే, 1.33. ఆడ్స్ రేషియో, అంటే నయమైనవాళ్లను కానివాళ్లతో భాగించి (80/20, 60/40) ఆ రెంటినీ పోలిస్తే, 2.67. సాఫ్ట్‌వేర్ 2.67 చూపించగానే "నయమయ్యే అవకాశం 2.67 రెట్లు" అని రాసేస్తారు. గైడ్ సంతకం పెట్టేస్తారు, ఎగ్జామినర్ పాస్ చేసేస్తారు. రేపు అది చదివి మందు రాసేది ఒక డాక్టరే కదా!

అసలు నా కడుపుమంట ఇంకోటుంది. ప్రోటోకాల్ రాసేటప్పుడు మా గది వైపు ఒక్కరూ రారు. సబ్మిషన్ ముంచుకొచ్చాక పెన్ డ్రైవ్ పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్‌ను పిలిస్తే చాలాసార్లు అది పోస్ట్‌మార్టం చేయించడమేనని ఆధునిక స్టాటిస్టిక్స్‌కు పునాదులు వేసిన ఫిషర్ 1938లోనే చెప్పాడు. పీ వాల్యూ 0.05 కంటే తక్కువుంటేనే తేడాకు విలువ అనే ఆయన గీతను మాత్రం అందరూ పట్టుకున్నారు, ఈ మాట ఎవరికీ పట్టలేదు. పీ వాల్యూ ఒక గీత దాటిందా లేదా అన్నదొక్కటే చూసి నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే ఇచ్చింది. అయినా మొన్నొక పెద్దాయన ఫోన్ చేసి "0.06 వచ్చింది, కాస్త చూడమ్మా" అన్నారు. ఏం చూడాలి సార్? తేడా ఎంతుందో, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఎంత ఉండొచ్చో చెప్పే పరిధి) ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉందో మీరే చూడండి అన్నాను. ఫోన్ పెట్టేశారు.