నిమ్మచుక్కకు జడిసే రాళ్లబల్ల గారికి

మహారాజశ్రీ రాళ్లబల్ల గారి నాలుగు ఇత్తడి కాళ్లకూ నమస్కరించి రాయునది ఏమనగా,

రంగురాళ్లు అతికించిన కాఫీ బల్ల అవతారంలో తమరు మా డాలస్ ఇంటికి వేంచేసి మూడు నెలలైంది. ఇన్నాళ్లలో తమరి మీద ఒక్క కాఫీ కప్పు పెట్టిన పాపాన పోలేదు మేము. మా ఆవిడ పెట్టనిస్తేగా! రిమోట్ నా ఒళ్లో ఉంటుంది, కాఫీ నేలమీద ఉంటుంది, పిల్లాడి హోంవర్కు మెట్లమీద జరుగుతుంది. మధ్యలో తమరు గర్భగుడిలో మూలవిరాట్టులా ఉంటారు. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం నేను కడుతుంటాను.

కొన్నరోజున షాపాయన తమరి జాతకం చదివాడు. 'వింటేజ్ మెక్సికన్ మోడర్నిస్ట్' అట. పాత కొత్తావకాయ అన్నట్టు లేదూ? 1950లలో కొత్తదనమట, ఇప్పుడు పాతదనమట, అందుకని రెండు ధరలూ కలిపి వేశాడు. పోనీ చేసిందెవరయ్యా అంటే పేరు చెప్పడు. పేరున్న ఒకాయన 'శైలిలో' ఉందంటాడు. అబ్బాయి కలెక్టరా అని అడిగితే, "కలెక్టరు శైలిలో ఉంటాడండీ" అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పినట్టు! అంచున పెచ్చు ఊడిందేమిటని చూపిస్తే, అది పెచ్చు కాదు, 'పాటినా', అంటే పాతబడ్డ వస్తువుకొచ్చే అందం అన్నాడు. మా తాతగారింటి గోడల నిండా పాటినాయే. తెలీక సున్నం వేయించేశాం.

ఈమధ్య తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. తమరిని చూసి, చేటలో బియ్యం చెరిగే చేత్తో ఒకసారి తడిమి, "మేం రాళ్లు ఏరి పారేస్తాం, వీళ్లు ఏరి అతికించారేంట్రా?" అంది.

నవ్వాను గానీ, మీ దేశంలో ఆ పని చేసిన మహానుభావుడు నిజంగానే ఉన్నాడు. హువాన్ ఓగోర్మన్ అనే ఆర్కిటెక్టు, చిత్రకారుడు కూడాను. మెక్సికో సిటీలో యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీ కట్టేటప్పుడు, పుస్తకాలుండే ఆ పది అంతస్తుల పెట్టెకి నాలుగువైపులా బొమ్మలు వేయాలనుకున్నాడు. పెయింటు ఎండకీ వానకీ వెలిసిపోతుంది, రాయి రంగు రాయిలోనే ఉంటుంది కదా అని దేశమంతా తిరిగి రంగురంగుల రాళ్లు ఏరుకొచ్చాడు. నీలంరంగు దగ్గర మాత్రం బాగా అవస్థపడ్డాడట. ఆ రాళ్లని కాంక్రీటు పలకల్లో పొదిగి గోడకి ఎక్కించారు. 1950ల మొదట్లో సంగతి. మొత్తం దాదాపు 4,000 చదరపు మీటర్లు. అజ్టెక్కుల దేవుళ్లు ఒకవైపు, స్పెయిన్ వాళ్లొచ్చాక జరిగింది ఇంకోవైపు. అదే క్యాంపస్‌లో స్టేడియం గోడ మీద డియేగో రివేరా అనే పేరున్న చిత్రకారుడు కూడా రంగురాళ్లతోనే బొమ్మ చేశాడు. ఆ క్యాంపస్‌ని 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు.

నా బాధంతా ఇక్కడే ఉంది. తమరి వంశంలో పెద్దవాళ్లు డెబ్బై ఏళ్లుగా ఎండలో ఎండుతూ, వానలో తడుస్తూ, కుర్రాళ్లు పచ్చికలో దొర్లుతుంటే చూస్తూ నిలబడ్డారు. టికెట్ లేదు, 'ముట్టుకోరాదు' బోర్డు లేదు. వాళ్ల చిన్నమనవలు తమరేమో ఏసీలో కూర్చుని, కింద కోస్టరు వేయకపోతే మంచినీళ్ల గ్లాసుకి కూడా భయపడతారు!

అన్నిటికన్నా విడ్డూరం నిమ్మకాయ. మెక్సికోలో నిమ్మబద్ద పిండనిదే ముద్ద దిగదు. టాకోల మీద నిమ్మ, పొసోలే అనే మొక్కజొన్న సూపులో నిమ్మ, మామిడికాయ ముక్కల మీద కారంతో పాటు నిమ్మ. ఆఖరికి బీరులోనూ నిమ్మే. ఈ విషయంలో వాళ్లు మాకు అచ్చంగా చుట్టాలు. అలాంటి గడ్డ మీద పుట్టి, నిమ్మరసం చుక్క పడితే తమరి మొహం మాడిపోతుందా? తమరి నడుమనున్న ఆ తేనెరంగు చారల రాయి పుయెబ్లా రాష్ట్రంలో టెకాలి వైపు దొరికేదట. అందరూ ఓనిక్స్ అంటారు గానీ అసలు ఓనిక్స్ కానే కాదు, సున్నపురాయికి దగ్గరి చుట్టం. పులుపు తగిలిందా, సన్నగా నురగొచ్చి నునుపు పోతుంది. ఆ పచ్చటి మాలకైట్ కూడా అంతే, రాగీ కార్బొనేటూ కలిసిన రాయి, పులుపంటే పడదు. పక్కనే ఉన్న జాస్పర్ అనే గట్టిరాయికి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు. ఒకే బల్ల మీద ఇన్ని రకాల మనస్తత్వాలు పెట్టిన ఆ అజ్ఞాత శిల్పి ఉమ్మడి కుటుంబంలో పెరిగాడని నా అనుమానం.

కనుక తమరు మూలవిరాట్టు పోజు మానేసి, వారానికి ఒక్కరోజైనా బల్లగా పనిచేయాలని కోరుతూ,

ఇట్లు,
నేలమీద కాఫీ తాగే గృహస్థుడు

తా.క.: నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ పులిహోర గిన్నె తెచ్చి తమరి మీదే పెట్టింది. నిమ్మకాయ పులిహోరే. నేను చూసేసరికి తేనెరంగు రాయి మీద అర్ధరూపాయంత తెల్లటి మచ్చ. ప్రస్తుతానికి దానిమీద పూలకుండీ జరిపాను. మా ఆవిడ శనివారం దుమ్ము తుడుస్తుంది. ఈలోపు ఆవిడ అడిగితే అది పాటినా అని తమరే చెప్పాలి.