స్టేషన్‌లో కాగితం రాసిస్తే కేసు పోదు

హన్మకొండ గ్రూపుల్లో, కరీంనగర్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. భార్యను మొగుడు, అత్తింటివాళ్లు హింసిస్తే పెట్టే 498ఏ సెక్షన్ కొత్త చట్టంతో రద్దయిందట. గృహహింస కేసు పడితే క్రిమినల్ రికార్డేనట. కేసు పెట్టగానే అత్తామామలనూ లోపలేస్తారట. స్టేషన్‌లో ఇద్దరూ రాజీ కాగితం రాసిస్తే కేసు పోతుందట, ఆ తర్వాత ఉద్యోగం ఫారంలో ‘కేసుల్లేవు’ అని రాసుకోవచ్చట. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

498ఏ రద్దు కాలేదు. 2024 జూలై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. శిక్ష అదే, మూడేళ్ల దాకా.

2005 గృహహింస చట్టం వేరు. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర వేసేది దరఖాస్తు: రక్షణ, ఉండటానికి ఇల్లు, ఖర్చులు, పిల్లల కస్టడీ. దానికి ఎఫ్‌ఐఆర్ ఉండదు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితేనే 31వ సెక్షన్ కింద నేరం.

అరెస్టు సంగతి. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు వచ్చాక, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయకపోతే ముందు నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో 41ఏ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). నోటీసుకు పోకుండా ఇంట్లో కూర్చుంటే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. ఒక మాట మాత్రం ఒప్పుకుంటా: ఎక్కడో వేరే ఊళ్లో కాపురం చేసుకునే ఆడబిడ్డ పేరు కూడా ఫిర్యాదుల్లో ఎక్కుతోంది. ఫలానా పని చేశారని లేకుండా బంధువులందరినీ కలిపేయడం చెల్లదని 2022లో కహ్‌కషాన్ కౌసర్ కేసులో సుప్రీంకోర్టు అత్తవారి మీది కేసు కొట్టేసింది.

ఇక రాజీ కాగితం. ఎఫ్‌ఐఆర్ అయ్యాక కేసు భార్య చేతిలో ఉండదు, ఎస్సై చేతిలోనూ ఉండదు. పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాస్తారు, సంతకాలు పెట్టి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఛార్జిషీటు మాత్రం కోర్టుకు పోతుంది. సీసీ నంబరు, అంటే కోర్టులో కేసు నంబరు, పడుతుంది. సమన్లు పాత అడ్రసుకు వస్తాయి, వాయిదాకు ఎవరూ రారు, నాన్‌బెయిలబుల్ వారంటు పడుతుంది. మొగుడు గల్ఫ్‌లో ఉంటే లుకౌట్ సర్క్యులర్ దాకా పోవచ్చు. శంషాబాద్‌లో దిగగానే ఆపితే ఆ స్టాంపు పేపరు చూపించి బయటపడతారా?

పాత 498ఏ కేసులకు మన రాష్ట్ర సవరణ ప్రకారం కింది కోర్టులోనే, కోర్టు అనుమతితో రాజీ ఉంది. అర్జీ పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలి. కానీ వాటితో పాటు వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్లు పెడతారు, వాటికి రాజీ లేదు. కొత్త 85వ సెక్షన్ కూడా రాజీకి వీలున్న నేరాల పట్టికలో లేదు. అప్పుడు కేసు కొట్టేయమని హైకోర్టుకే పోవాలి, నాగరిక్ సురక్షా సంహిత 528 కింద, అంటే పాత సీఆర్‌పీసీ 482. ఇద్దరి అఫిడవిట్లు, ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన జాయింట్ మెమో, గుర్తింపు కార్డులు కావాలి. ‘ఎవరి బలవంతమూ లేదు కదా’ అని ఆమెను అడిగేది అక్కడే. స్టేషన్‌లో మొగుడి తరఫు పదిమంది చుట్టూ నిలబడి పెట్టించే సంతకానికి ఆ ప్రశ్నే ఉండదు. దెబ్బలు తిన్న మనిషికి ఈ మెసేజ్ చేసే కీడు ఇదే. ఆమెకు లాయరు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

కేసు కొట్టేశాక పని అయిపోలేదు. సర్టిఫైడ్ కాపీ ఒకటి కింది కోర్టులో, ఒకటి ఎఫ్‌ఐఆర్ అయిన స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. పోలీసుల కంప్యూటర్ రికార్డు సీసీటీఎన్‌ఎస్‌లో కేసు స్థితి మారిందో లేదో అడగండి. మారకపోతే పాస్‌పోర్టు ఎంక్వైరీలో ‘పెండింగ్’ అనే వస్తుంది.

ఫారం దగ్గర మెసేజ్ చెప్పింది చేస్తే ఉద్యోగమే పోతుంది. పోలీసు కొలువుకైనా, మరో సర్కారు కొలువుకైనా అటెస్టేషన్ ఫారం ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా’ అని అడిగితే, కొట్టేసిన కేసు కూడా రాయాల్సిందే. దాచడమే తీసేయడానికి కారణం కావచ్చని 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ తీర్పు చెప్పింది. ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, ముగిసిన తేదీ రాసి ఉత్తర్వు కాపీ జత చేయండి.

నిర్దోషిగా తేలినా పెద్దవాళ్ల రికార్డును పూర్తిగా చెరిపేసే చట్టం మన దగ్గర లేదు. మైనర్లకైతే బాల న్యాయ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. ఈ ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాళ్ల బాధ న్యాయమైనదే. దానికి అబద్ధం రాయించడం మందు కాదు, చట్టం అడగాలి.