దొడ్లు ముందా, పిల్లలు ముందా?

బైబిల్లో ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) విడిచి కనాను దేశానికి చేరిన కథ మీద రాసిన వ్యాసం బాగుంది. కాకపోతే నలభై ఏళ్ల అరణ్యవాసం అయ్యాక రచయిత వాళ్లని నేరుగా యొర్దాను నది దాటించి కనానులోని యెరికో పట్టణం గోడల దగ్గరికి తీసుకెళ్లిపోయారు. దాటకముందు, నదికి తూర్పున మోయాబు మైదానాల్లో జరిగిన పంచాయితీ నాకు అంతకన్నా ఇష్టం.

బైబిల్లోని సంఖ్యాకాండం 32వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయుల్లో రూబేను, గాదు గోత్రాల వాళ్లు నాయకుడు మోషే దగ్గరికొస్తారు. వాళ్లకి మందలెక్కువ. నదికి ఇవతలి యాజెరు, గిలాదు ప్రాంతాల్లో మేత బాగుంది, మమ్మల్ని నది దాటించొద్దు, ఇక్కడే ఉంటాం అంటారు. మోషేకి ఒళ్లు మండింది. మండదా మరి! అంతకుముందు కాదేషు బర్నేయ అనే చోట వీళ్ల తండ్రులు ఇలాగే, కనానులోకి వెళ్లకుండా జనాన్ని నిరుత్సాహపరచబట్టే కదా అరణ్యంలో అన్నేళ్లు తిరగాల్సి వచ్చింది.

అప్పుడు వాళ్లు బేరం మారుస్తారు: పశువులకు దొడ్లు, పిల్లలకు ఊళ్లు కట్టుకుని, మిగతా గోత్రాల కన్నా ముందు నడిచి యుద్ధం చేస్తాం. మోషే సరేనంటాడు కానీ వరస తిప్పేస్తాడు: మీ పిల్లలకు ఊళ్లు, మందలకు దొడ్లు కట్టుకోండి. గమనించండి, ఆ తర్వాత వాళ్ల జవాబులో కూడా పిల్లలే ముందొస్తారు. తిట్టకుండానే తిట్టినట్టు!

ఇంకో లెక్క. సంఖ్యాకాండం 26వ అధ్యాయం జనసంఖ్యలో ఇరవై ఏళ్లు దాటిన మగవాళ్లు రూబేనులో 43,730 మంది, గాదులో 40,500. మనష్షే అర్ధగోత్రం కూడా వీళ్లతో చేరింది. యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలో వీళ్లలో ఆయుధాలతో నది దాటింది మాత్రం సుమారు 40,000 మందే. మిగతావాళ్లు ఆ కొత్త ఊళ్లకీ మందలకీ కాపలా ఉండిపోయారనే నేననుకుంటున్నాను.